43 యాంపుల భ్రమ

"పాత కారు వైపర్ మోటారు ఒకటి పట్టుకురా. 43 యాంపుల డ్రైవర్ బోర్డు ఒకటి కొను. రెండూ కలిపెయ్. మిగతాదంతా ప్రోగ్రామే." పడవకు సొంతంగా ఆటోపైలట్ కట్టుకుందామని బయల్దేరినవాళ్లు ఏ దేశంలో ఉన్నా మొదట వినే సలహా ఇదే. తెరచాప పడవలు ఎక్కువగా ఉన్న ఇంగ్లండులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇది దాదాపు మంత్రమైపోయింది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో తనంతట తాను నడిచే బుల్లి పడవలు కట్టే కుర్రాళ్ల దాకా వచ్చేసింది. వాళ్లకు ఇంకా సులువు. విజయవాడ ఆటోనగర్‌లో పాత మోటారు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో బోర్డు. రెండూ దొరికాక ఇంకేం కావాలి?

ఈ మాట చెప్పేవాళ్ల వాదనను వాళ్లు చెప్పినట్టే చెప్తాను. కంపెనీ ఆటోపైలట్ ధర పదుల వేలల్లో మొదలై లక్షల్లోకి పోతుంది. విప్పి చూస్తే లోపల ఉండేది దిక్కు చెప్పే సెన్సరు, చిన్న కంప్యూటరు, మోటారు. సెన్సరు ఇవాళ చవక. రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే పైపైలట్ లాంటి ప్రోగ్రాము ఉచితం. వైపర్ మోటారు 12 వోల్టులది, పడవ బ్యాటరీ కూడా 12 వోల్టులే. అది వానలో గంటల తరబడి తిరగడానికే పుట్టింది. దాని వర్మ్ గేరు వెనక్కి తిరగదు కనుక అల వచ్చి చుక్కానిని నెట్టినా కదలదు, పట్టి ఉంచడానికి కరెంటూ ఖర్చు కాదు. మోటారు మామూలుగా తీసుకునేది ఐదు యాంపులు, బోర్డు ఇవ్వగలిగేది 43. ఎనిమిది రెట్లు ధీమా. ఒకవేళ ఏదైనా చెడిపోతే చుక్కాని పిడి చేత్తో పట్టుకుంటాం, తాతలు అలాగే నడిపారు కదా.

వినడానికి బాగుంది. ఒక్కో వాక్యంలో ఎంతో కొంత నిజం కూడా ఉంది. కానీ అన్నిటినీ కలిపి చుక్కానికి బిగిస్తే తయారయ్యేది నడిసముద్రంలో నమ్మకూడని యంత్రం. ఎందుకో వరసగా చూద్దాం.

1. "మోటారు ఎంత పెద్దదైతే అంత భద్రం"

ఎంత పెద్దది కావాలో ఒక్కసారైనా లెక్క కట్టినవాళ్లు ఈ మాట అనరు. తొమ్మిది మీటర్ల తెరచాప పడవ తీసుకుందాం. నీళ్లలో ఉండే చుక్కాని పలక 0.4 చదరపు మీటర్లు. పడవ వేగం 6 నాట్లు, అంటే సెకనుకు 3.1 మీటర్లు. ఆ వేగంతో ఎదురొచ్చే ఉప్పునీటి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 4,900 న్యూటన్లు. బాగా మళ్లించిన చుక్కాని మీద అందులో ఎనభై శాతం పనిచేస్తుందనుకుంటే మొత్తం బలం 1,500 న్యూటన్ల పైచిలుకు. ఆ బలం చుక్కాని ఇరుసుకు 10 సెంటీమీటర్లు వెనగ్గా పడుతుంటే తిప్పడానికి కావలసిన టార్క్ సుమారు 150 న్యూటన్ మీటర్లు. ఇరుసుకు ముందు కూడా కొంత పలక ఉండే చుక్కాని అయితే ఇందులో సగం కూడా ఉండదు.

టార్క్ ఒక్కటే సరిపోదు, ఎంత వేగంగా తిప్పాలో కూడా కావాలి. ఈ పరిమాణం పడవకు సెకనుకు 6 డిగ్రీలు మంచి వేగం. 150 న్యూటన్ మీటర్లను ఆ వేగంతో తిప్పడానికి కావలసిన శక్తి 16 వాట్లు. అచ్చుతప్పు కాదు, పదహారే. గేర్లు సగానికి పైగా తినేస్తాయి, మోటారు మరికొంత తింటుంది. బ్యాటరీ నుంచి తీసిన దాంట్లో నాలుగో వంతే చుక్కానిని చేరుతుందనుకున్నా, కావలసింది 64 వాట్లు. 12 వోల్టుల దగ్గర ఐదు యాంపులు దాటి కాస్త. అదీ గట్టి అల తగిలిన క్షణంలో. సముద్రం ప్రశాంతంగా ఉంటే ఇందులో పదో వంతు కూడా పట్టకపోవచ్చు. వేగం పెరిగితే బలం వర్గంలో పెరుగుతుంది నిజమే. 6 నాట్ల దగ్గర ఉన్నది 8.5 నాట్ల దగ్గర రెట్టింపు అవుతుంది. అప్పుడు కూడా పది, పదకొండు యాంపులు. మరి కొందరు పెట్టే ఐదు వందల వాట్ల మోటారు ఎందుకు? "ఎందుకైనా మంచిది" అన్నదొక్కటే జవాబు.

ఎందుకైనా మంచిది కాదు. పెద్ద మోటారులో పెద్ద రోటరు ఉంటుంది. రోటరు జడత్వం చుక్కాని దగ్గరికి వచ్చేసరికి గేరు నిష్పత్తి వర్గంతో గుణించి కనిపిస్తుంది. మోటారు లోపలి గేరు, బయటి చైన్ కలిపి వెయ్యికి ఒకటి దాటడం ఈ పనిలో మామూలే. అంటే పది లక్షల రెట్లు. అలాంటి రోటరు ఆగమన్న చోట ఆగదు. చుక్కాని చివరి హద్దుకు వెళ్లి గుద్దుకుంటుంది. ఆ దెబ్బ ఏదో ఒక దాని మీద పడాలి. గేరు పంటి మీదో, పిడి బోల్టు మీదో, చుక్కాని ఇరుసుకు బిగించిన చట్రం మీదో పడుతుంది. బలమైన మోటారు మొదట విరిచేది తనకన్నా బలహీనమైన పడవనే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఒంటి తీగలో 25 యాంపులు పారుతుంటే దానికి 30 సెంటీమీటర్ల దూరంలో దాదాపు 17 మైక్రోటెస్లాల క్షేత్రం ఉంటుంది. దిక్కు చెప్పే సెన్సరు ఆధారపడే భూక్షేత్రపు అడ్డభాగం విశాఖపట్నం దగ్గర సుమారు 40 మైక్రోటెస్లాలు, ఇంగ్లండు వైపు అందులో సగమే. తీగ ఖర్మకాలి ఉత్తర దక్షిణాలుగా సెన్సరు కింద నుంచి వెళ్తే విశాఖలో ఇరవై డిగ్రీలకు పైగా, ఇంగ్లండులో నలభై డిగ్రీల దాకా దిక్కు తప్పు చూపిస్తుంది. అదీ సరిగ్గా మోటారు తిరుగుతున్నప్పుడు, అంటే ఆటోపైలట్ దిక్కు దిద్దుకుంటున్న క్షణంలోనే. దిద్దుబాటే కొత్త తప్పును పుట్టిస్తుంది, ఆ తప్పును దిద్దడానికి మళ్లీ మోటారు తిరుగుతుంది. పోయే తీగను, వచ్చే తీగను జడలా మెలేస్తే ఈ పీడ చాలావరకు పోతుంది. కానీ రెండు తీగలు ఉంటేనే కదా మెలెయ్యడం! వైపర్ మోటారు ఆ అవకాశం కూడా ఇవ్వకపోవచ్చు.

2. "వైపర్ మోటారు ఉండగా వేరే మోటారెందుకు?"

వైపర్ మోటారుకు శక్తి చాలదని నేననను. పై లెక్కకు అది సరిపోతుంది. దాని ఇబ్బంది వేరే చోట ఉంది. అది కారు కోసం తయారైంది. కారులో ఇనప బాడీయే నెగటివ్ తీగ. అందుకే చాలా వైపర్ మోటార్లలో ఒక బ్రష్షును నేరుగా మోటారు తొడుగుకే కలిపేస్తారు. కారులో అది పొదుపు. ఎప్పుడూ ఒకే వైపు తిరిగే మోటారుకు దానివల్ల నష్టమూ లేదు.

చుక్కానిని రెండు వైపులా తిప్పాలి. అంటే డ్రైవరు బోర్డు మోటారు రెండు కొసల ప్లస్సు, మైనస్సులను తారుమారు చేస్తూ ఉంటుంది. కుడికి తిప్పేటప్పుడు మైనస్సుగా ఉన్న తొడుగు, ఎడమకు తిప్పేటప్పుడు 12 వోల్టుల ప్లస్సు అవుతుంది. ఆ తొడుగును ఇంజనుకు ఆనుకున్న ఇనప బద్దకు బిగిస్తే, ఇంజను బ్యాటరీ మైనస్సుకు కలిసి ఉంటుంది కనుక, ఎడమకు తిప్పిన ప్రతిసారీ నేరుగా షార్టు. ఫైబర్ పడవలో, చెక్క పడవలో షార్టు కాకపోవచ్చు. అక్కడ ఉప్పుతేమ ఆ పని నెమ్మదిగా చేస్తుంది. తడిసిన చోట్లనుంచి చిన్న కరెంటు కారుతూ నెలల తరబడి లోహాన్ని తినేస్తుంది. అల్యూమినియం పడవ యజమానికి ఇది చెప్తే వణుకు పుడుతుంది. తొడుగును వేరుచేసి బ్రష్షుకు విడి తీగ లాగవచ్చు, చేసినవాళ్లు ఉన్నారు. అయితే "పట్టుకొచ్చి కలిపెయ్" అన్న సలహాలో ఆ మాట ఎక్కడుంది?

రెండోది, ఆ మోటారు బ్రష్షులను ఒకే దిశకు అనువుగా కాస్త పక్కకు జరిపి అమర్చి ఉండవచ్చు. రెండు వేగాల కోసం మూడో బ్రష్షు కూడా ఉంటుంది. ఒక వైపు చక్కగా తిరిగే మోటారు రెండో వైపు తిప్పితే వేగం తగ్గుతుంది, బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు ఎక్కువవుతాయి. ఆటోపైలట్ దృష్టిలో ఇదో కుంటితనం. కుడికి ఒకలా, ఎడమకు ఒకలా స్పందించే చుక్కానికి ఏ సెట్టింగు పెట్టాలి?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. "గంటల తరబడి తిరగడానికే పుట్టింది" అన్నారు. నిజమే, తిరగడానికి. అద్దం మీద వైపర్ అటూ ఇటూ ఆడుతున్నా లోపల మోటారు ఆగకుండా ఒకే వైపు తిరుగుతుంది. కడ్డీల అమరికే ఆ కదలికను అటూ ఇటూ మారుస్తుంది. చుక్కాని మోటారు బతుకు దీనికి పూర్తిగా తలకిందులు. అర సెకను తిరుగు, ఆగు, వెనక్కి అర సెకను తిరుగు, ఆగు. అలలున్న సముద్రంలో రాత్రంతా ఇదే పని. మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో అది స్టాల్ అయిన (కరెంటు పోతున్నా తిరగలేని) మోటారుతో సమానం. ఆ క్షణంలో లాగే కరెంటు ఐదు యాంపులు కాదు, ఇరవై, ముప్పై. గంటల తరబడి తిరగడం సులువైన పని. గంటల తరబడి బయల్దేరుతూనే ఉండడం కష్టమైన పని. ఈ రెండింటినీ ఒకటిగా చూడడమే ఆ వాదనలోని అసలు లొసుగు.

3. "43 యాంపుల బోర్డు ఉంది కదా"

ఈ సంఖ్య దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే మొత్తం ధీమా అంతా దీని మీదే నిలబడి ఉంది.

ఆ 43 యాంపుల బోర్డుగా అమ్మే ఐబీటీ-2 అనే ఎర్ర బోర్డు మీద ఇన్‌ఫినియన్ కంపెనీ బీటీఎస్ 7960 చిప్పులు రెండు ఉంటాయి. ఆ చిప్పు సాంకేతిక పత్రంలో 43 యాంపులు అన్న మాట ఉంది. కానీ అది చిప్పు ఎడతెగకుండా ఇవ్వగలిగే కరెంటు కాదు. కరెంటు అంతదాకా వచ్చిందంటే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి ఆపేసే హద్దు. అదీ మామూలుగా ఉండే విలువ, కొన్ని చిప్పుల్లో 33 దగ్గరే ఆ హద్దు తగలవచ్చు. ప్రమాద హద్దు సంఖ్యను తీసుకొచ్చి సామర్థ్యం అని అట్ట మీద అచ్చేశారు. అమ్మేవాళ్లు అచ్చేశారు సరే, కొనేవాళ్లు దాన్నే లెక్కగా పెట్టుకోవడం ఏమిటి?

ఎడతెగకుండా 43 యాంపులు పంపితే ఏమవుతుందో చూద్దాం. కరెంటు ఒక చిప్పు పై స్విచ్చులోంచి, మోటారులోంచి, రెండో చిప్పు కింది స్విచ్చులోంచి పోతుంది. ఆ రెండు స్విచ్చుల నిరోధం కలిపి చల్లగా ఉన్నప్పుడు 16 మిల్లీ ఓమ్‌లు. 43 వర్గాన్ని దానితో గుణిస్తే దాదాపు 30 వాట్ల వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగించేది అంత వేడితోనే. చిప్పు వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది, బాగా కాలాక దాదాపు రెట్టింపు కావచ్చు. అప్పుడు వేడి యాభై వాట్లు దాటుతుంది. దాన్ని మోయాల్సింది బోర్డు వెనక బిగించిన వేలెడు అల్యూమినియం ముక్క, సన్నటి రాగి పట్టీలు. ఇదంతా ఇంజను పక్కన గాలి ఆడని అరలో. అదే బోర్డు పది యాంపుల దగ్గర రెండు వాట్లు కూడా వేడెక్కదు, హాయిగా పనిచేస్తుంది. చిప్పు మంచిదే. అబద్ధం చెప్పేది దాని మీది అంకె.

నిజాయితీగా అమ్మేవాళ్లూ ఉన్నారు. ఎస్‌టీ కంపెనీ వీఎన్‌హెచ్ 5019 చిప్పు కూడా కాగితం మీద 30 యాంపులదే. దానితో బోర్డు కట్టి అమ్మే పోలోలూ సంస్థ ఎడతెగని కరెంటు 12 యాంపులని తానే చెప్తుంది. 43 కన్నా 12 చిన్నదని దాన్ని పక్కన పెట్టి 43 కొనేవాళ్లు సరుకును వదిలి అంకెను కొంటున్నారు. (ఎల్ 298 ఎన్ వాడొచ్చా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండు యాంపుల దగ్గరే మూడు, నాలుగు వోల్టులు తానే మింగేసే పాతకాలం చిప్పు అది. పాఠశాల రోబోకు చాలు, చుక్కానికి చాలదు.)

ఎనిమిది రెట్ల ధీమా అన్నదాన్ని ఇప్పుడు మళ్లీ చూద్దాం. స్టాల్ అయినప్పుడు 25 యాంపులు లాగే మోటారు లోపలి నిరోధం అర ఓమ్ కన్నా కాస్త తక్కువ. అది పూర్తి వేగంతో ఒక వైపు తిరుగుతున్నప్పుడు లోపల బ్యాటరీకి ఎదురుగా పది వోల్టుల దాకా పుడుతూ ఉంటుంది. కరెంటు ఐదు యాంపులకే పరిమితమయ్యేది ఆ ఎదురు వోల్టేజి వల్లే. ఆ వేగంలో ఉండగానే ప్రోగ్రాము "వెనక్కి" అంటే? అంతదాకా ఎదురుగా ఉన్న పది వోల్టులు ఇప్పుడు బ్యాటరీతో చెయ్యి కలుపుతాయి. 22 వోల్టులు, అర ఓమ్. 45 యాంపులు. ఐదు యాంపుల మోటారు, 43 యాంపుల బోర్డు, ఎనిమిది రెట్ల ధీమా అన్నీ ఒక్క ఆదేశంతో ఆవిరి. తిరిగే దిశ మార్చే ముందు మోటారును ఆగనివ్వాలి, వోల్టేజిని మెల్లగా పెంచాలి. ఈ రెండు మాటలు తెలియని బోర్డుకు ఎన్ని యాంపులున్నా ఒకటే.

సరే, చిప్పు తనను తాను కాపాడుకుంటుంది కదా అంటారు. కాపాడుకుంటుంది. మరి పడవను? బాగా వేడెక్కితే ఆ చిప్పు ఆగిపోతుంది. చల్లబడ్డాక దానంతట అది మళ్లీ పనిచేయదు. అనుమతి కాలును (ఎనేబుల్ పిన్‌ను) ఒకసారి కిందికి దించి పైకి ఎత్తితేనే లేస్తుంది. లోపం వచ్చిందన్న సంగతి చెప్పడానికి, ఎంత కరెంటు పోతోందో చూపడానికి బోర్డు మీద విడిగా రెండు కాళ్లు ఉన్నాయి. చేతికొచ్చే వైరింగు బొమ్మలు చూడండి, వాటిలో ఎక్కువ ఆ రెండు కాళ్లనూ ఖాళీగా వదిలేస్తాయి. అంటే రాత్రి రెండు గంటలకు చిప్పు పడుకుంటే కంప్యూటరుకు తెలియదు. అది "కుడికి, కుడికి, ఇంకా కుడికి" అని చెప్తూనే ఉంటుంది. చుక్కాని కదలదు. పడవ తిరుగుతూ పోయి తెరచాపలోకి గాలి అవతలి వైపు నుంచి కొడుతుంది, తెరచాప అడుగున ఉండే కొయ్య ఒక్క ఊపులో డెక్కు మీదుగా ఇటునుంచి అటు పడుతుంది. దాని దారిలో తల ఉంటే ఏమవుతుందో తెరచాప పడవ నడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక ఎదురు సమస్య. చుక్కానికి తాడో వలో చుట్టుకుని మోటారు బిగుసుకుపోయిందనుకోండి. 25 యాంపులు ఎడతెగకుండా పోతాయి. బోర్డు హద్దు 43, కనుక అది ఆపదు. తీగకు పెట్టిన ఫ్యూజు 30, కనుక అదీ ఆపదు. మూడు వందల వాట్లు మోటారు చుట్టల్లో వేడిగా దిగుతాయి. నిమిషాల్లో వార్నిషు కాలిన వాసన వస్తుంది. ఫ్యూజు తీగను కాపాడడానికి ఉంటుంది, మోటారును కాపాడడం దాని పని కాదు. మోటారును కాపాడాల్సింది డ్రైవరు. అందుకే డ్రైవరును ఎంచుకునేటప్పుడు ఎంత ఇవ్వగలదని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎక్కడ ఆపుతుంది? ఎంతసేపటికి ఆపుతుంది? ఆపినట్టు ఎవరికి చెప్తుంది? పది యాంపుల దగ్గర ఆపమంటే ఆపి, ఆపానని చెప్పే బోర్డు 43 అని అరిచే బోర్డు కన్నా పెద్దది.

4. "మిగతాదంతా ప్రోగ్రామే"

నికొలాస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు 1922లో ఓడలు తమంతట తాము దిక్కు పట్టి నడవడం గురించి గణిత వ్యాసం రాశాడు. అమెరికా యుద్ధనౌక న్యూ మెక్సికో మీద దాన్ని పరీక్షించారు కూడా. అనుభవమున్న సరంగు పడవ ఎంత పక్కకు పోయిందో ఒక్కటే చూడడు, ఎంత వేగంగా పోతోందో కూడా చూసి ముందే చుక్కాని మళ్లిస్తాడని ఆయన గమనించాడు. నేటి ఆటోపైలట్ ప్రోగ్రాములన్నిటి వెనకా ఉన్నది ఆ గమనింపే. అయితే సరంగుకు చేతులున్నాయి. ముందే మళ్లించాలని తెలిసినా చుక్కాని సమయానికి కదలకపోతే ఆ తెలివితో ఏం లాభం?

వైపర్ మోటారు వద్దనుకున్న కొందరు డిష్ యాంటెన్నా తిప్పే లీనియర్ యాక్చుయేటర్ తెచ్చి పెడతారు. దాని మీద 1,500 న్యూటన్లు అని రాసి ఉంటుంది, గొప్పగానే ఉంది. వేగం చాలా వాటికి సెకనుకు పది మిల్లీమీటర్లు. దాన్ని చుక్కాని ఇరుసుకు 46 సెంటీమీటర్ల దూరంలో పిడికి తగిలిస్తే చుక్కాని కదిలేది సెకనుకు డిగ్రీంబావు. పది డిగ్రీలు మళ్లించడానికి ఎనిమిది సెకన్లు. వెనక నుంచి వచ్చే అలకు అలకు మధ్య వ్యవధి చాలాసార్లు అంతే ఉంటుంది. మొదటి అలకు ఇచ్చిన జవాబు రెండో అల వచ్చేసరికి చేరుతుంది, అప్పటికి ఆ జవాబుతో పని తీరిపోయి ఉంటుంది. పడవ పాములా నడుస్తుంటే యజమాని రాత్రంతా కూర్చుని ప్రోగ్రాములో అంకెలు మారుస్తాడు. ఏ అంకెను మార్చినా మోటారు వేగం పెరగదు. పైగా అలాంటి యాక్చుయేటర్లు నిమిషం తిరిగి మూడు, నాలుగు నిమిషాలు చల్లబడేలా తయారైనవి. రోజంతా ఆడించడానికి కావు.

ప్రోగ్రాము మీద ఈ నమ్మకానికి ఇంకో ఇబ్బంది ఉంది. ప్రోగ్రాము ఆగిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై బిగుసుకుపోవడం, మెమరీ కార్డు పాడవడం అరుదైన విషయాలు కావు. అది ఆగిపోయిన క్షణంలో మోటారు కాలు "తిరుగు" అన్న స్థితిలో ఉంటే, ఆ కాలు అలాగే ఉండిపోతుంది. ఎర్ర బోర్డు నమ్మకస్తుడు, చివరి ఆదేశాన్ని చుక్కాని హద్దు తగిలేదాకా, తగిలాక కూడా పాటిస్తూనే ఉంటుంది. అందుకే మోటారును నడిపే చోట విడిగా ఒక చిన్న మైక్రోకంట్రోలరు ఉండాలి. పైనుంచి అర సెకను పాటు ఆదేశం రాకపోతే అదే మోటారును ఆపాలి. కరెంటు, వోల్టేజి, వేడి కొలిచి పైకి చెప్పాలి. పైపైలట్ రాసినవాళ్లు మోటారు కంట్రోలరును విడిగా ఒక భాగంగా ఉంచింది ఇందుకే. ఆ ఉచిత ప్రోగ్రామును పొగుడుతూనే దాని సగం తెలివిని తీసి పక్కన పెట్టి, రాస్ప్‌బెర్రీ పై కాళ్లను నేరుగా ఎర్ర బోర్డుకు తగిలించడం ఏ రకం పొదుపో నాకు అర్థం కాదు.

5. "చెడితే చేత్తో నడుపుతాం"

నడపనిస్తేగా. వర్మ్ గేరు వెనక్కి తిరగదని మొదట మెచ్చుకున్నది వీళ్లే. అల నెట్టినా కదలని చుక్కాని మనిషి నెట్టినా కదలదు. ఎదురుగా చీకట్లో దీపం లేని చేపల పడవ కనిపించింది. కరెంటు తీసేశారు. చక్రం పట్టి లాగితే రాదు. చైన్ ఊడదీయడానికి స్పానరు వెతకాలి. గుణంగా చెప్పిందే ఇక్కడ ఉరితాడు.

దీనికి జవాబులున్నాయి, ఏదీ ఉచితం కాదు. విద్యుదయస్కాంత క్లచ్ పెట్టవచ్చు. అది పట్టి ఉన్నంతసేపూ ఒక యాంపు అటూ ఇటుగా తింటుంది, రోజుకు 24 యాంపియర్ అవర్లు. 100 యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిజంగా వాడుకోదగ్గది సగమే కాబట్టి ఇది చిన్న ఖర్చేం కాదు. పిడితో నడిచే పడవకైతే పిడి మేకు మీంచి మోటారు కడ్డీని ఎత్తేసే ఏర్పాటు చాలు. కంపెనీ టిల్లర్ పైలట్లు దశాబ్దాలుగా వాడుతున్నది అదే. బాల్ స్క్రూ ఉన్న యాక్చుయేటర్ చేత్తో నెడితే వెనక్కి కదులుతుంది, అయితే చుక్కానిని పట్టి ఉంచడానికి కొంత కరెంటు అడుగుతుంది. ఏది ఎంచుకున్నా సరే, మోటారు కొనకముందే ఎంచుకోవాలి. ఒక చేత్తో, చీకట్లో, రెండు సెకన్లలో చుక్కాని మనిషికి తిరిగి దక్కాలి.

చుక్కాని వ్యవస్థను తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఒక సంగతి గుర్తు చేయాలి. 2017–18లో ఆరుగురు భారత నౌకాదళ మహిళలు ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద భూమి చుట్టివచ్చారు. వాళ్లలో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ మహాసముద్రాన్ని దాటుకుని కేప్ హార్న్ చుట్టి వచ్చిన ఆ పడవ చివరి అంచెలో, ముందు అనుకోని మజిలీగా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. కారణం స్టీరింగ్‌లో వచ్చిన లోపం. అది ఆటోపైలట్ వల్ల జరిగిందని నేననడం లేదు. శిక్షణ పొందిన సిబ్బంది, సముద్రానికే కట్టిన పడవ ఉన్నా ఆపేసింది చుక్కాని భాగమే అంటున్నాను. తాతలు చేత్తో నడిపారన్నది నిజం. వాళ్ల చుక్కానికి ఎవరూ వర్మ్ గేరు బిగించలేదు.

6. "కానీ ఇది చవక"

ధర సంగతికి ముందు, స్టెప్పర్ మోటారు పెడదాం, డ్రోన్ మోటారు పెడదాం అనేవాళ్లకు రెండే మాటలు. స్టెప్పర్ కదలకుండా నిలబడినా దాదాపు పూర్తి కరెంటు తింటుంది, బరువు ఎక్కువైతే అడుగులు జారవిడుస్తుంది, జారినట్టు చెప్పదు. సెన్సరు లేని డ్రోన్ మోటారుకు, దాని కంట్రోలరుకు ఆగి ఉన్న రోటరు ఎక్కడుందో తెలియదు. చుక్కాని మోటారు ఎక్కువసేపు ఉండేది ఆగే.

ఇక ధర. పాత మోటారు చవక. తొడుగు వేరు చేయడానికి దాన్ని విప్పి, బ్రష్షు తీగ మార్చి, తేమ చేరకుండా మళ్లీ మూసి, చైన్ పళ్లచక్రాలు చేయించి, క్లచ్ కట్టి, కాలిపోయిన రెండు ఎర్ర బోర్డుల తర్వాత మూడోది కొన్నాక కూడా అది చవకేనా? నేను కంపెనీ పైలట్ కొనమనడం లేదు. సొంతంగా కట్టండి. కట్టే వరస మార్చండి.

ముందు చుక్కాని. దాని వైశాల్యం, ఇరుసు ఎక్కడుంది, ఏ వేగంలో పడవ నడుపుతారు. స్ప్రింగు తక్కెడ పిడికి తగిలించి, గాలి గట్టిగా ఉన్న రోజున లాగి చూస్తే కాగితం లెక్క అక్కర్లేకుండానే టార్క్ తెలిసిపోతుంది. తర్వాత వేగం. ఆ తర్వాత చేతికి ఎలా దక్కుతుందన్న ఏర్పాటు, దానికి తగిన గేరు. అప్పుడు మోటారు. రెండు కొసలూ తొడుగుకు తగలనిది, రెండు వైపులా ఒకేలా తిరిగేది, ఎడతెగని వాడకానికి రేటింగు ఉన్నది, లెక్కలో వచ్చిన వాట్లకు ఒకటిన్నర రెట్లు, అంతకు మించనిది. మోటారు చేతికొచ్చాక దాని నిరోధం మీటరుతో కొలిచి స్టాల్ కరెంటు తెలుసుకుని, చివర్లో డ్రైవరు. మన తొమ్మిది మీటర్ల పడవకు కరెంటును పది యాంపుల దగ్గర కోసేలా, రెండు సెకన్లు కోస్తూనే ఉండాల్సి వస్తే మోటారును ఆపి కూత పెట్టేలా, ఆదేశం రాకపోతే తనంతట తాను ఆగేలా. ఎర్ర బోర్డే కావాలంటే అదే పెట్టండి, ఆ రెండు కాళ్లూ కలిపి, ముందో మైక్రోకంట్రోలరు పెట్టి, పది యాంపులకు కట్టేసి. తీగలు మెలేసినవి, 2.5 చదరపు మిల్లీమీటర్లవి, ఫ్యూజు 15.

"ఏ మోటారు కొనమంటారు?" అని అడిగేవాళ్లను నేను ముందు చుక్కాని కొలతలు అడుగుతాను. అవి చెప్పలేనివాళ్లకు ఏ మోటారు పేరూ చెప్పను.